గాజు బొమ్మకు వేలం పాట

మన భాషలో ఒక చిత్రం వుంది, ఎప్పుడైనా గమనించారా? కిటికీ రెక్క దేనితో చేశారంటే గాజుతో అంటాం. చేతికి ఏం తొడుక్కున్నావంటే గాజులు అంటాం. పదార్థానికీ, ఆభరణానికీ ఒకటే మాట! బంగారంతో చేయించుకున్నా అవి బంగారు గాజులే, లక్కతో చేసినా లక్క గాజులే. తెలుగువాళ్ళకి ఆ వస్తువు మొట్టమొదట పరిచయమైంది ఆడవాళ్ళ ముంజేతి మీదనే కాబోలు. మలారం భుజాన వేసుకుని గాజులవాడు వీధిలోకి వస్తే ఆ పూట వంటలు ఆలస్యమయ్యేవి. శ్రీమంతానికి గాజులు, పెళ్ళికి గాజులు, నోముకి గాజులు. గాజు పగిలిందని అనడానికి కూడా పెద్దవాళ్ళకి నోరు రాదు, చిట్లిందంటారు.

ఇంత చేసీ, ఆ గాజు పుట్టే కొలిమి దగ్గర ఆడదానికి చోటు లేదు. మన దేశంలో గాజులకి పేరుపడ్డ వూరు ఫిరోజాబాదు. అక్కడ కొలిమి ముందు నిలబడేది మగవాళ్ళు. గాజు రెండు కొసలూ కలిపి అతికే పని మాత్రం ఇళ్ళకి వస్తుంది. ఇంట్లో చిన్న మంట ముందు కూర్చుని, ఒక్కొక్క గాజే అతికి, డజన్ల లెక్కన కూలి తీసుకునేది ఆడవాళ్ళు.

ఇది మన దగ్గరే అనుకోకండి. గాజుకి పుట్టిళ్ళనదగిన వూళ్ళన్నింటిలోనూ కథ ఇంతే. అందుకే అమెరికాలో సియాటిల్ నగరంలో ఏటా జరిగే ఒక వేలం పాట గురించి చెప్పాలనిపించింది. అక్కడ పాటకి పెట్టేవి గాజు శిల్పాలు, గాజు పాత్రలు, గాజు బొమ్మలు. పెట్టేది పిల్చక్ అనే గాజు పాఠశాల. పాటలో వచ్చిన డబ్బు ఆ బడికి పోతుంది. వస్తువులు చేసిన కళాకారులు వాటిని దానంగా ఇస్తారు. తమ పని ఆ పాటకి ఎంపికైందంటే గాజు పని చేసేవాళ్ళు పదిమందికీ చెప్పుకుంటారు. దానం పుచ్చుకున్నందుకు దాత సంతోషించడం మనకి కొంచెం విడ్డూరంగా వుంటుంది. ఎందుకు సంతోషిస్తారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

వెనిస్ నగరం పేరు వినని వాళ్ళుండరు. 1291లో ఆ నగర ప్రభుత్వం ఒక వుత్తర్వు వేసింది. గాజు కొలుములన్నీ వూళ్ళోంచి తీసేసి పక్కనున్న మురానో ద్వీపానికి తరలించాలని. ఇళ్ళు చెక్కవి, కొలుములు రాత్రింబవళ్ళు మండేవి, అగ్ని ప్రమాదాల భయం. అది పైకి చెప్పిన కారణం. అందరినీ ఒక చిన్న ద్వీపంలో పెడితే పని రహస్యాలు బయటికి పోకుండా కాపలా కాయడం సులువని కూడా వాళ్ళకి తెలుసు. తర్వాత్తర్వాత గాజు పనివాళ్ళు అనుమతి లేకుండా దేశం దాటితే కఠిన శిక్షలని చట్టాలు చేశారు. బదులుగా గౌరవం ఇచ్చారు. గాజు పనివాడి కూతురిని ప్రభువుల ఇంటివాళ్ళు చేసుకున్నా, పుట్టిన పిల్లలకి ప్రభు వంశం హోదా తగ్గేది కాదు. కూతురికి సంబంధం దొరికింది సరే, కొలిమి దగ్గర చోటు దొరికిందా అంటే, అది మాత్రం అడక్కండి.

అడిగి సాధించిన ఆవిడ ఒకరున్నారు. పేరు మరియెట్టా బరోవియెర్. తండ్రి ఏంజెలో బరోవియెర్, నీళ్ళలా తేటగా వుండే గాజుని తయారు చేశాడని పేరు పొందినవాడు. ఆయన పోయిన తర్వాత, 1487లో, తనకంటూ ఒక చిన్న కొలిమి కట్టుకోవడానికి మరియెట్టాకి వెనిస్ పాలకుడు అనుమతి ఇచ్చాడు. చిన్న కొలిమే సుమా! అయినా ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి అది మాటలా? నీలం, తెలుపు, ఎరుపు పొరలతో, అడ్డంగా కోస్తే నక్షత్రంలాగా పువ్వులాగా కనిపించే పూసని కల్పించింది ఆవిడేనని పరంపరగా చెప్పుకుంటారు. ఆ పూస వెనిస్ ఓడలెక్కి దేశదేశాలు తిరిగింది. ఆఫ్రికా తీరంలో బంగారానికీ, ఏనుగు దంతానికీ మారకమైంది. మనుషుల్ని కొనడానికి కూడా వాడారు. పాపం, చిన్న కొలిమి ముందు కూర్చుని పువ్వు పూయించిన ఆవిడకి ఆ సంగతి ఏం తెలుసు!

పూసలు చేసేది మగవాళ్ళు, గుచ్చేది ఆడవాళ్ళు. వెనిస్ పేటల్లో గడప ముందు కుర్చీ వేసుకుని, ఒళ్ళో చెక్క పళ్ళెం నిండా పూసలు పోసుకుని, విసనకర్రలా పట్టిన పొడుగాటి సూదుల కట్టని అందులో ముంచి ముంచి తీసేవారు. సూదులకి ఎక్కిన పూసలు దారంలోకి జారేవి. మన అమ్మమ్మలు వాకిట్లో కూర్చుని మల్లెపూలు గుచ్చినట్టే, కబుర్లు చెప్పుకుంటూనూ. కూలి మాత్రం అతి తక్కువ. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు సామాను వున్న గదుల్లోకి వెళ్ళి, ఆ రంగులు చూసి నోరు తెరిచిన వాళ్ళు మనలో చాలామంది వుంటారు. ఇంకోసారి వెళ్ళినప్పుడు ఆ గడప ముందు కుర్చీలు కూడా జ్ఞాపకం చేసుకోండి.

సరే, సముద్రం దాటి అమెరికాకి వద్దాం. అక్కడ న్యూయార్కులో టిఫనీ అని గొప్ప గాజు వ్యాపారి. రంగు గాజు ముక్కలు అతికి చేసిన టిఫనీ దీపాలు ఈనాటికీ ధనవంతుల ఇళ్ళలో ప్రతిష్ఠ. వందేళ్ళపాటు అవన్నీ టిఫనీగారే రూపకల్పన చేశారని లోకం అనుకుంది. ఆయన దగ్గర ఆడవాళ్ళ విభాగం ఒకటి వుండేది. దానికి పెద్ద క్లారా డ్రిస్కాల్. పెళ్ళయిన స్త్రీకి ఆ కార్ఖానాలో వుద్యోగం వుండదని నియమం. క్లారా పెళ్ళి చేసుకుని మానేసింది, 1892లో భర్త పోయాక మళ్ళీ చేరింది. తూనీగల దీపం ఆవిడ ఆలోచన. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానికి బహుమతి కూడా వచ్చింది. 1903లో, ఈ ఆడవాళ్ళు తమ పని లాగేసుకుంటున్నారని మగ పనివారి సంఘం గొడవ పెట్టింది. చివరికి ఆ విభాగంలో 27 మందికి మించి వుండకూడదని రాజీ కుదిరింది. క్లారా 1909లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది, మళ్ళీ మానేసింది.

ఇదంతా ఎలా తెలిసింది? ఆవిడ తల్లికీ, అక్కచెల్లెళ్ళకీ వారం వారం రాసిన వుత్తరాల వల్ల. పెట్టెల్లో పడివున్న ఆ వుత్తరాలు పరిశోధకుల కంటబడి, 2007లో న్యూయార్కులో ఆ ఆడవాళ్ళ పేరుమీద ఒక ప్రదర్శనే జరిగింది. ఇంట్లోవాళ్ళ వుత్తరాలు పాత కాగితాలవాడికి వేసేముందు ఒకసారి చూసుకోవడం మంచిదేమో! అదే కార్ఖానాలో ఆగ్నెస్ నార్త్‌రప్ అనే ఇంకొకావిడ పువ్వులూ, కొండలూ, ఏరులూ వున్న గాజు కిటికీలకి బొమ్మలు గీసేది. ఆవిడ గీసిన ఒక చర్చి కిటికీ, డానర్ కిటికీ అంటారు, 2024 నవంబరులో న్యూయార్కు వేలంలో కోటీ 24 లక్షల డాలర్ల పైచిలుకు పలికింది. టిఫనీ పనుల్లో అంత ధర దేనికీ రాలేదు. ఆగ్నెస్‌గారు పోయి అప్పటికి డెబ్భై ఏళ్ళు దాటింది.

వేలమంటే అదీ ఒక వేలమే. కాని అది వ్యాపారం. నేను మొదలుపెట్టింది ధర్మానికి పెట్టే వేలం గురించి. దాని కథ ఒక వంటింట్లో మొదలవుతుందంటే నమ్ముతారా?

1913లో కార్నింగ్ అనే వూళ్ళో, గాజు ఫ్యాక్టరీలో పనిచేసే జెస్సీ లిటిల్‌టన్ అనే శాస్త్రవేత్త వుండేవాడు. రైల్వే బ్యాటరీలకి వాడే గాజు జాడీలు వేడికీ చలికీ తట్టుకుంటాయని ఆయనకి తెలుసు. భార్య బెస్సీ వంటింటి కోసం ఒక పాత్ర కావాలంది. ఆయన ఒక జాడీ అడుగుభాగం కోసి ఇంటికి తెచ్చాడు. ఆవిడ అందులో కేకు కాల్చింది. సమంగా కాలింది, అడుగంటలేదు, పైగా కాలుతున్న రంగు బయటినుంచే కనిపించింది. మర్నాడు ఆయన ఆ కేకు ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి తోటివాళ్ళకి పెట్టాడట. రెండేళ్ళ పరిశోధన తర్వాత 1915లో పైరెక్స్ గిన్నెలు బజారులోకి వచ్చాయి. ఈ బెస్సీగారి కొడుకే హార్వే లిటిల్‌టన్.

హార్వే కుండలు చేసే కళ నేర్పే మాస్టారు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో. ఆయనకి ఒక కోరిక. కుమ్మరి తన సారె ముందు తానే కూర్చుని కుండ చేసుకున్నట్టు, కళాకారుడు తన కొలిమి ముందు తానే నిలబడి గాజు ఎందుకు వూదుకోకూడదు? అప్పటిదాకా గాజు అంటే ఫ్యాక్టరీ. బొమ్మ గీసేది ఒకరు, వూదేది ఇంకొకరు. పెద్ద కొలిమి లేకపోతే గాజు కరగదని అందరి నమ్మకం. 1962 మార్చిలో టొలీడో మ్యూజియం ఆవరణలోని ఒక గ్యారేజీలో చిన్న కొలిమి కట్టి, కొద్దిమందిని పోగేసి ప్రయత్నించాడు. మొదటి గాజు కుదరలేదు. డొమినిక్ లబీనో అనే ఫ్యాక్టరీ నిపుణుడు ఆదుకున్నాడు. కొలిమిని సరిచేసి, తన ఫ్యాక్టరీలో గాజు పీచు తీయడానికి వాడే గాజు గోళీలు తెచ్చిచ్చాడు. గోళీలు చక్కగా కరిగాయి. మరి వూదడం ఎవరికి వచ్చు? పంతుళ్ళెవరికీ రాదు! ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ముసలి పనివాడొకడు వచ్చి గొట్టం ఎలా పట్టుకోవాలో చూపించాడు.

గాజు పని ఎలా వుంటుందో చెప్పాలంటే మన పాకం కంటే మంచి పోలిక దొరకదు. లేత పాకం, తీగ పాకం, ముదురు పాకం మనకి చేతి వేళ్ళకి తెలుస్తాయి కదా. గాజు కూడా అంతే, కాని వేలు పెట్టి చూడ్డానికి లేదు, దాని వేడి 1100 డిగ్రీల దగ్గర వుంటుంది. పొడుగాటి ఇనుప గొట్టం కొసన తేనెలా చుట్టుకున్న గాజుని తీసి, గొట్టాన్ని తిప్పుతూనే వుండాలి. తిప్పడం ఆపితే ఒక పక్కకి జారిపోతుంది. కొంచెం వూదడం, మళ్ళీ మంటలో పెట్టడం, తడిపిన కాగితాల మడతతోనో చెక్క గరిటెతోనో రూపు దిద్దడం. అంతా అయ్యాక బయట వదిలేస్తే టప్పున పగులుతుంది. అందుకని చల్లార్చే పొయ్యిలో పెట్టి వేడి మెల్లగా దించుతారు. చిన్నదైతే ఒక రాత్రి, బాగా మందంగా వున్నదైతే రోజుల తరబడి, వారాల తరబడి. ఇదంతా ఒక్కరివల్ల కాదు. ఒకరు తిప్పితే ఇంకొకరు వూదాలి, మరొకరు తలుపు తియ్యాలి. అందుకే అది జట్టు పని. జట్టులోకి ఆడపిల్లని రానివ్వకపోతే ఆవిడ నేర్చుకునే దారే వుండదు.

హార్వే లిటిల్‌టన్ దగ్గర చదువుకున్నవాడే డేల్ చిహులీ. టకోమా వూరివాడు, 1941లో పుట్టాడు. 1968లో వెనిస్ వెళ్ళి మురానో కొలుముల్లో ఆ జట్టు పని చూసొచ్చాడు. 1971 వేసవిలో సియాటిల్‌కి ఉత్తరాన సుమారు యాభై మైళ్ళ దూరంలో, అడవి కొండవాలులో, కొంతమంది విద్యార్థుల్ని వెంటపెట్టుకుని ఒక వేసవి బడి పెట్టాడు. చేతిలో రెండు వేల డాలర్ల విరాళం. భూమి జాన్ హాబర్గ్, ఆన్ హాబర్గ్ అనే దంపతులది. కలప చెట్లు పెంచే తోట. వచ్చినవాళ్ళు ముందు కట్టుకున్నది కొలిమిని. తమకి ఇళ్ళు తర్వాత. గుడారాలు, ప్లాస్టిక్ పట్టాలు, పాత కలప, ఏది దొరికితే దానితో గూళ్ళు కట్టుకున్నారు. పైన ఎడతెగని వాన. పిల్చక్ అంటే అక్కడి ఆదివాసుల వ్యాపార భాషలో ఎర్రనీరు. ఆ వేసవిలో వాళ్ళు చూసింది ఎక్కువగా బురద నీరే అయివుంటుంది.

ఆ మొదటి వేసవిలో చిహులీతో పాటు వున్న రూత్ తమూరా అనే ఆవిడ గురించి తక్కువగా చెప్పుకుంటారు. ఆవిడ కాలిఫోర్నియాలో గాజు నేర్పే పంతులమ్మ. బడి పెట్టిన కొద్దిమందిలో ఆవిడా ఒకరు. విద్యార్థుల్లో టూట్స్ జిన్‌స్కీ అనే అమ్మాయి వుంది. తర్వాత ఆవిడ వెంట్రుకల్లాంటి గాజు దారాలు వేల కొద్దీ పేర్చి, కొలిమిలో కరిగించి పాత్రలుగా మలిచే పద్ధతి కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ పాత్రలు చూస్తే పక్షి ఈకల్ని మడతపెట్టారా అనిపిస్తుంది.

1976లో ఇంగ్లండులో కారు ప్రమాదంలో చిహులీకి ఎడమ కన్ను పోయింది. ఒక కన్నుతో గాజు ఎంత దూరంలో వుందో అంచనా అందదు. 1979లో భుజం కూడా తొలిగింది. ఇక గొట్టం పట్టి పెద్దమేస్త్రీగా కూర్చోవడం మానేసి, తాను బొమ్మ గీసి జట్టుచేత చేయించడం మొదలుపెట్టాడు. ఆయన పేరు చెప్పి అమ్ముడుపోయే పనులు ఇంకొకరి చేతుల్లో తయారవుతాయని కొందరు తప్పుపడతారు. క్లారా కథ విన్న తర్వాత మనకి కూడా కొంచెం అనుమానం కలగడం సహజం. ఒక తేడా వుంది. ఇక్కడ జట్టులో పనిచేసిన వాళ్ళు బయటికొచ్చి సొంత పేర్లతో కొలుములు పెట్టుకున్నారు. టిఫనీ అమ్మాయిలకి ఆ అవకాశం లేకపోయింది.

1979లోనే ఇంకో సంగతి జరిగింది. మురానో నుంచి లీనో తాల్యాపియెత్ర అనే గొప్ప మేస్త్రీ పిల్చక్‌కి వచ్చాడు. పదకొండేళ్ళ ప్రాయంలో కొలిమిలో చేరి, ఇరవై యొక్కేళ్ళకే మేస్త్రీ అనిపించుకున్నవాడు. ఏడు వందల ఏళ్ళుగా మూట విప్పని రహస్యాలు ఈ అమెరికా పిల్లలకి విప్పి చూపించాడు. వూళ్ళోవాళ్ళు ఇంటి గుట్టు అమ్ముకున్నాడని కోప్పడ్డారు. కాని మురానోలో కొలిమి పని నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు తగ్గిపోతున్నారనీ, నేర్పకపోతే విద్య తనతోనే పోతుందనీ ఆయనకి తెలుసు. మురానోలో ఆడపిల్లలకి చెప్పని విద్య, ఇక్కడ తరగతిలో కూర్చున్న ఆడపిల్లలకి కూడా ఆయన నోటినుంచే వచ్చింది. ఆ సంగతి వెనిస్‌వాళ్ళకి ఇంకా కోపం తెప్పించి వుండాలి.

1980 నుంచి పదేళ్ళు ఆ బడిని నడిపింది ఆలిస్ రూనీ అనే ఆవిడ. ఆ కాలంలోనే దేశదేశాల నుంచి గురువులు రావడం పెరిగింది. చెక్ దేశం నుంచి లిబెన్‌స్కీ, బ్రిఖ్తొవా దంపతులు వచ్చారు. ఆయన కాగితం మీద గీస్తే, ఆవిడ మట్టితో రూపం చేసి, గాజులో పోత పోయించేది. మనిషంత ఎత్తు గాజు శిల్పాలు! వాటికింద ఇద్దరి పేర్లూ వుంటాయి. భార్య పేరు బ్రాకెట్లో పెట్టే అలవాటు వాళ్ళకి లేదు. పిల్చక్‌లో పాఠం చెప్పిన మొదటి స్త్రీ ఫ్లోరా మేస్. ఆవిడా, జోయీ కర్క్‌పాట్రిక్ అనే స్నేహితురాలూ 1979 నుంచి కలిసే పని చేస్తూ వచ్చారు. వాళ్ళు చేసిన గాజు పళ్ళు, ఆపిల్ అంటే మన గుమ్మడికాయని మించిన ఆపిల్, చూస్తే కొరకాలనిపిస్తుంది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

జిన్నీ రఫ్‌నర్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకి పోలేను. ఆవిడ పెద్ద కొలిమి జోలికి పోలేదు. బల్ల మీద చిన్న మంట పెట్టుకుని, గాజు కడ్డీలు కరిగించి, వంచి, రంగులేసి చిత్రమైన బొమ్మలు చేసేది. మన ఫిరోజాబాదు ఆడవాళ్ళు కూర్చునే లాంటి మంటే. అది బొమ్మలమ్మేవాళ్ళ చిల్లర పని అని గాజు పెద్దలు చిన్నచూపు చూసేవారు. 1984లో ఆవిడ పిల్చక్‌కి వచ్చి ఆ విద్యనే పాఠంగా చెప్పింది. 1991లో కారు ప్రమాదం. ఐదు వారాలు స్పృహ లేదు. ఇక నడవదు, మాట్లాడదు అన్నారు డాక్టర్లు. నడక నేర్చుకుంది, మాట నేర్చుకుంది, మళ్ళీ పనిలో దిగింది. తన చేయి వణికితే సహాయకుల చేత చేయించింది. 2025లో కన్నుమూసేదాకా ఆవిడ పని ఆగలేదు.

ఇప్పుడు వేలానికి వద్దాం. కొలిమి బడి నడపడం ఎంత ఖర్చో వూహించండి. గాజు కరిగే కొలిమిని రాత్రిపూట ఆర్పేసి పొద్దున్నే వెలిగించడానికి వీల్లేదు, బడి జరిగినన్నాళ్ళూ మండుతూనే వుండాలి. గ్యాసు, రంగులు, గురువుల ప్రయాణాలు. అంతా విద్యార్థుల జీతాల మీద వేస్తే డబ్బున్నవాళ్ళ పిల్లలు తప్ప ఇంకెవరూ రాలేరు. అందుకని నాలుగు దశాబ్దాలు దాటి ఈ వేలం సాగుతోంది. దాని రాబడితో బడి నడుస్తుంది, విద్యార్థులకి వేతనాలు ఇస్తారు. ఇవాళ వేలంలో వస్తువు ఇచ్చిన ఆవిడ ఒకనాడు ఆ వేతనంతోనే చదువుకుని వుండొచ్చు. ఆ కాగితంలో తన పేరు ఆ బడి గురువుల పేర్ల పక్కన అచ్చవుతుంది. సంతోషించడానికి ఇంకేం కావాలి?

పాట రెండు రకాలు. ఒకటి మౌనపాట. బల్లల మీద వస్తువులు పెట్టి ఒక్కొక్కదాని ముందు కాగితం వుంచుతారు. కావలసినవాళ్ళు తమ ధర రాస్తారు, తర్వాత వచ్చినవాళ్ళు దానిమీద ఎక్కువ రాస్తారు. గంట కొట్టేసరికి చివరి అంకె ఎవరిదో వాళ్ళకి. రెండోది మనకి తెలిసిన పాటే, ఒకటోసారి, రెండోసారి అని. భోజనాల బల్లల చుట్టూ కూర్చుని, అంకె వేసిన అట్ట పైకెత్తుతారు. మధ్యలో ఇంకో ముచ్చట వుంటుంది. ఏ వస్తువూ లేకుండా, వేతనాల కోసమని వుత్త అంకెలే పాడతారు, చేతులు లేస్తూ వుంటాయి.

వస్తువు లేకుండా పాడటమేమిటి అనకండి. బాలాపూర్ గణేశుడి లడ్డూ సంగతి మనకి తెలియనిదా? 1994లో మొదటి పాట 450 రూపాయలు. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు. ఆ ధర లడ్డూలోని నేతికీ, జీడిపప్పుకీ కాదు కదా. భక్తి, పేరు, పోటీ, వూరికి మంచి జరుగుతుందన్న తృప్తి, అన్నీ కలిసి అంత అయింది. సియాటిల్‌లోనూ అంతే. కాని ఒక చిక్కుంది. లడ్డూ తక్కువ పలికినా లడ్డూకి వచ్చిన లోటు లేదు. గాజు బొమ్మ తక్కువ పలికితే ఆ అంకె కళాకారిణి వెంట పడుతుంది. దుకాణంలో ఐదు వేల డాలర్లకి పెట్టిన బొమ్మలాంటిదే ధర్మ వేలంలో వెయ్యికి పోయిందంటే, ఐదు వేలు పెట్టి కొన్నవాడు మొహం చిట్లించుకుంటాడు, కొనబోయేవాడు వచ్చే ఏడు వేలం దాకా ఆగుదామనుకుంటాడు. పేరు మోసినవాళ్ళకి ఇది పెద్ద లెక్క కాదు. కొత్తగా పైకి వస్తున్న ఆడపిల్లకి లెక్కే. కనీస ధర ఇంతకి తగ్గకూడదని ముందే కట్టుబాటు పెట్టుకునే వేలాలు కొంత నయం.

పైగా ఎవరూ ఒక్క వేలంతో వదిలిపెట్టరు. ఆసుపత్రివాళ్ళు అడుగుతారు, బడివాళ్ళు అడుగుతారు, మీ పేరు పదిమందికి తెలుస్తుంది కదండీ అంటారు. పాటకచేరీకి పిలిచి, పిల్లలు సరదాగా పాడతారు కదా, డబ్బెందుకు అనే మన సభల పెద్దల్లాగానే. తన గురుకులానికి ఇవ్వడం వేరు, అడిగినవాళ్ళకల్లా ఇవ్వడం వేరు. ఆ తేడా తెలుసుకుని కాదనడం నేర్చుకున్న కళాకారిణినే నేను మెచ్చుకుంటాను.

అన్నింటికీ మించిన విడ్డూరం అమెరికా పన్నుల చట్టంలో వుంది. అక్కడ దానధర్మాలకి పన్నులో మినహాయింపు ఇస్తారు. ఒక ధనవంతుడు తన దగ్గరున్న చిత్రాన్ని మ్యూజియంకి ఇస్తే, నిబంధనలకి లోబడి దాని బజారు విలువ మొత్తం లెక్కలో చూపించుకోవచ్చు. అదే చిత్రాన్ని గీసిన మనిషి స్వయంగా ఇస్తే, రంగులకీ బట్టకీ అయిన ఖర్చు మాత్రమే చూపించుకోవాలి. 1969లో వచ్చిన చట్టం అది. పెద్ద పదవుల్లో వున్నవాళ్ళు తమ కాగితాలు గ్రంథాలయాలకిచ్చి పెద్ద పెద్ద మినహాయింపులు పొందుతున్నారని, అది ఆపడానికి చేశారు. దెబ్బ చిత్రకారులకీ, రచయితలకీ, సంగీత విద్వాంసులకీ తగిలింది. స్ట్రావిన్‌స్కీ అంతటి స్వరకర్త తన వ్రాతప్రతుల్ని అమెరికా జాతీయ గ్రంథాలయానికి ఇద్దామనుకుని, ఆ చట్టం చూసి మానుకున్నాడు.

గాజుకి ఈ లెక్క వేసి చూడండి. ఇసుక, సోడా, సున్నం, కాస్త రంగు. నెల రోజులు చేసి చేసి పగలగొట్టుకున్నవి పోగా మిగిలిన ఒక్క పాత్ర, వేలంలో ఎనిమిది వేల డాలర్లు పలికిందనుకుందాం. ఇచ్చినావిడ తన పన్నుల కాగితంలో చూపించుకోగలిగేది ఆ ఇసుకా, సోడా, రంగుల ఖర్చే. ఇంట్లో ఆడవాళ్ళ పనికి లెక్క కట్టేటప్పుడు బియ్యం, పప్పు ధర వేసి, వండిన చేతికి ఏమీ వెయ్యని పద్ధతి మనం ఎరగనిదా! ఈ చట్టం మార్చాలని అమెరికా కాంగ్రెసులో బిల్లులు పెట్టారు, ఒకసారి కాదు, చాలాసార్లు. కనీసం మ్యూజియంలకీ, గ్రంథాలయాలకీ ఇచ్చేవాటికైనా బజారు విలువ ఒప్పుకోమన్నారు. ఇంతవరకు చట్టం కాలేదు.

ఈలోగా పాట మాత్రం ఏటా జరుగుతూనే వుంది. భోజనాల బల్లల మధ్య ఏటా ఒక కళాకారుడి నమూనా ప్రకారం గాజు బొమ్మలు చేయించి పెడతారు. బల్లల లెక్కన అవి డజన్ల కొద్దీ కావాలి. చేసేది బడిలో పనిచేసే పిల్లలు, జట్లు కట్టుకుని, ఒకేలాంటి బొమ్మని మళ్ళీ మళ్ళీ. పెద్ద పాటలో ఓడిపోయినవాళ్ళు కూడా వీటిని కొనుక్కుపోవచ్చు. అవి చేసిన పిల్లల చేతులకి అది గొప్ప అభ్యాసం. అదే బొమ్మ నలభయ్యోసారి చేసేసరికి గాజు ఎప్పుడు పాకానికి వచ్చిందో చూడకుండానే తెలిసిపోతుందట.